చీమలు నాటిన గుట్ట

ఇశ్రాయేలు జేసీబీ ఎక్కాడంటే ఇక ఆ పని గురించి మళ్లీ అడగక్కర్లేదని బెజ్జంకి చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. బావిలో పూడిక తీసినా, కాలువ తవ్వినా, పాత ఇల్లు కూల్చినా గీత గీసినట్టు చేసేవాడు. పక్కింటి గోడకు బకెట్ అంచు తగిలిందని ఇన్నేళ్లలో ఆయన మీద ఎవరూ ఫిర్యాదు తేలేదు. మట్టి తట్టలు మోసిన కూలి, బండి దగ్గర హెల్పరై, ఆపరేటరై, ఇవాళ సిద్దిపేట నుంచి కూడా 'ఇశ్రాయేలునే పంపండి' అని అడిగించుకునే స్థాయికి వచ్చాడు. ఆ సంగతి ఎవరికన్నా ఆయనకే ఎక్కువ తెలుసు. టీ హోటల్ ముందు బండి ఆపి, తలపాగా సర్దుకుంటూ దిగే తీరులోనే అదంతా కనబడేది.

అంతటి మనిషికి ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం నోరు పెగిలేది కాదు. 'మీ బిడ్డ ఏం చదువుతుంది?' అని ఎవరైనా అడిగితే.

కూతురు ఎస్తేర్ సిద్దిపేట కాలేజీలో ఎమ్మెస్సీ బాటనీ చదువుతోంది. అక్కడిదాకా చెప్పడానికి ఇబ్బందేమీ లేదు. చిక్కంతా ఆ తర్వాతి మాటతో వచ్చేది. ఊరి వెనక గుట్ట మీద, ముళ్లపొదల కింద, ఆ పిల్ల పొద్దున్నే పోయి బోర్లా పడుకుని చేసేదేమిటి? చీమల్ని చూస్తోంది. పండు రాలితే చీమలు దాన్నేం చేస్తాయో చూస్తోంది. కాలేజీలో ఆమె ఎంచుకున్న ప్రాజెక్టే అది.

"ఇశ్రాయేలు బిడ్డ చీమల డాక్టరు అయితదట" అన్నాడు ఓరోజు హోటల్లో రాజమల్లయ్య. ఊళ్లో ఎరువుల దుకాణం ఆయనదే. మాటకారి. "చీమకు జరమొస్తే సూది యాడ ఇస్తదో ఏమో!"

బెంచీల మీద కూర్చున్నవాళ్లు పడీపడీ నవ్వారు. ఇశ్రాయేలు కూడా నవ్వాడు. కానీ గ్లాసులో టీ సగం అలాగే వదిలేసి లేచొచ్చాడు.

ఇంటికొచ్చి ముభావంగా కూర్చుంటే భార్య కొమురవ్వ పసిగట్టింది. "నీకు సమజ్ కాకపోతే బిడ్డనే అడుగు. అడగకుండ మూతి ముడుచుకుంటే ఎట్ల తెలుస్తది?" అంది. ఆయన అడగలేదు. తనకు తెలియనిది ఒకటుందని ఒప్పుకోవడం ఆయనకు అలవాటు లేని పని. అందులోనూ నిన్నమొన్నటిదాకా తన భుజాల మీదెక్కి తిరిగిన పిల్ల ముందు!

చలికాలం ముదిరి, పరికి పండ్లు నల్లగా మాగే రోజుల్లో, ఊరికి కొత్తగా సర్పంచ్ అయిన స్వరాజ్యం గుట్ట మీద పార్కు పెట్టించాలని తీర్మానం చేయించింది. ఓట్లప్పుడు ఇచ్చిన మాట అది. పడమటి వాలు మీదున్న పొదలన్నీ తీసేసి, నేల సాపు చేసి, గుంతలు తవ్వి నర్సరీ మొక్కలు పెట్టాలి. జేసీబీ యజమాని శ్రీకాంత్ ఆ పని ఒప్పుకుని ఇశ్రాయేలుకు ఫోన్ చేశాడు. సొంత ఊరి పని. ఇశ్రాయేలు ఛాతీ ఉప్పొంగింది.

ఆ సాయంత్రం అన్నం తింటూ ఆ మాటే చెప్పాడు. "రేపటి సంది మన గుట్ట మీదనే పని. ఇగ చూడుండ్రి, అద్దం లెక్క చేసి పెడ్త."

ఎస్తేర్ చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. "ఏ పక్క బాపూ?"

"పడమటి పక్క. కంపంతా పీకి సాపు చెయ్యాలె."

"నేను చూసే పొదలన్ని ఆడనే ఉన్నయి."

"వేరే జాగల చూసుకో బిడ్డా. చీమలు యాడ లెవ్వు?"

మామూలుగా అన్నాడు గానీ, అన్నాక కూతురి మొహం చూస్తే తానేదో పగలగొట్టినట్టే అనిపించింది. ఎస్తేర్ ఏడ్చే పిల్ల కాదు. కంచం పక్కకు పెట్టి, చెయ్యి కడుక్కుని వచ్చి, ఆయన ఎదురుగా కూర్చుంది.

"బాపూ, రేపు బండి పని మొదలు పెట్టకముందు నాతోని జర సేపు గుట్ట మీద కూసో. చూసినంక కూడ నువ్వు పీకుతనంటే నేను అడ్డం రాను."

కొమురవ్వ మొగుడి వంక ఒక చూపు చూసింది. ఆ చూపు చాలు.

మర్నాడు ఎండ పొడిచేసరికి ఇశ్రాయేలు జేసీబీని గుట్ట వాలు మీదికి ఎక్కించి, ఇంజన్ ఆపి కిందికి దిగాడు. ఎస్తేర్ అప్పటికే ఒక పెద్ద పరికి పొద పక్కన చాప పరిచి ఉంది. కొక్కేల్లాంటి ముళ్లు, వాటి మధ్య మిరియాల కన్నా కాస్త పెద్ద నల్లటి పండ్లు. చిన్నప్పుడు అందరూ తిన్నవే. నోట్లో వేసుకుంటే పుల్లగా, ఆ వెంటనే తియ్యగా.

"ఇట్ల పండుకోవాలె" అంది ఎస్తేర్, తాను బోర్లా పడుకుంటూ.

"ఈ వయసుల నన్ను బోర్ల పండుకోమంటవా? ఎవలన్న చూస్తే?"

"ఎవ్వలు లేరు బాపూ."

ఆయన అటూ ఇటూ చూసి, చొక్కా పాడవుతుందని గొణుక్కుంటూ పడుకున్నాడు. గడ్డం నేలకు ఆనింది. మొరం వాసన, ఎండుటాకుల వాసన. కాసేపు ఏమీ కనబడలేదు. తర్వాత ఒక చిన్న చీమ రాలిన పండు దగ్గరికొచ్చింది, మీసాలతో తడిమింది, వెళ్లిపోయింది. అంతేనా అనుకున్నాడు. ఇంతలో అది తన వాళ్లను వెంటేసుకుని తిరిగొచ్చింది. వాటి వెనకే కొంచెం పెద్దవి, బలమైన దవడలున్నవి వచ్చాయి. చుట్టూ చేరి పండును కదిపాయి. కదిలింది. లాగడం మొదలుపెట్టాయి.

దారిలో గులకరాయి అడ్డం వచ్చింది. పండు ఆగిపోయింది. ముందున్నవి లాగుతున్నాయి, వెనకున్నవి నెడుతున్నాయి, ఎవరి పాటు వాళ్లదే. ఇశ్రాయేలు తనకు తెలియకుండానే మోచేతుల మీద కాస్త ముందుకు జరిగాడు.

"వెనకకు... జర వెనకకు తియ్యిరా" అన్నాడు మెల్లగా. "సీదా పోతే రాదు. మళ్లియ్యి... మళ్లియ్యి..."

చీమలు నిజంగానే పండును వెనక్కి తీసి, రాయి పక్కనుంచి మళ్లించి, ముందుకు సాగాయి.

"గట్ల!" అన్నాడాయన, తన దగ్గర పని నేర్చిన హెల్పరు మొదటిసారి బండి సరిగ్గా తిప్పితే అన్నట్టు. పక్కన ఎస్తేర్ నవ్వు ఆపుకోలేక చేతుల్లో మొహం దాచుకుంది. అప్పుడే ఒక ఎర్ర చీమ ఆయన మెడ మీద గట్టిగా కుట్టింది. ఆయన కదల్లేదు. కళ్లు పండు మీది నుంచి తిప్పబుద్ధి కాలేదు.

పండు వెళ్లి ఒక కన్నం దగ్గర ఆగింది. కన్నం చుట్టూ మెత్తటి మట్టి వలయంలా పోసి ఉంది. ఆ వలయానికి అవతల, కడిగి ఆరబోసినట్టు, తెల్లటి పరికి గింజలు కుప్పగా ఉన్నాయి.

"గుజ్జంత తిని, గింజను బయట పడేస్తయి బాపూ" అంది ఎస్తేర్. "గుజ్జు అట్లనే ఉంటే గింజకు బూజు పడ్తది. కాలేజీల రెండు ట్రేలల్ల పెట్టి చూసిన. గుజ్జుతోని పెట్టినయి సగానికి ఎక్కువ కుళ్లిపోయినయి. చీమలు సాఫు చేసినయి తెచ్చి పెడితే మస్తు మొలిచినయి. గిటు చూడు."

కుప్ప అంచున వేలెడంత మొక్కలు, లేత ఆకులు మెరుస్తూ, గుంపుగా నిలబడి ఉన్నాయి.

ఇశ్రాయేలు లేచి కూర్చుని ఆ మట్టిలో వేలు గుచ్చాడు. రెండో కణుపుదాకా దిగింది. అక్కణ్నుంచి బారెడు దూరం జరిగి మళ్లీ గుచ్చాడు. గోరు కూడా దిగలేదు. ఈ గుట్ట మొరం ఆయనకు కొత్తది కాదు. దీని అడుగున ఒకసారి కాలువ తవ్వితే బకెట్ పళ్లు అరిగిపోయి కొత్తవి వేయించాల్సి వచ్చింది. అలాంటి నేలను ఎవరు ఇంత మెత్తగా తవ్వి పెట్టారు? ఆయన ఆ కన్నం వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. బతుకంతా మట్టి తవ్విన మనిషికి మట్టి తవ్వే పని విలువ వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

"అయితే గుట్ట మీది పొదలన్ని చీమలు పెట్టినయేనా?"

"అన్ని గావు. పిట్టలు తెచ్చేస్తయి, నక్కలు తిని పెంటల యేస్తయి. వాటిల్ల ఎన్ని గింజలు తర్వాత చీమలకు దొరికి బతుకుతున్నయో గదే నేను తేల్చాలె. ఇంక పూర్తిగ తేలలే బాపూ. ఇంకో వానకాలం చూడాలె. పొదలు పోతే ఇగ ఏం చూస్త?"

తనకు తెలిసింది ఎంతో, తెలియంది ఎంతో అంత నిబ్బరంగా చెబుతున్న కూతుర్ని ఇశ్రాయేలు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. ఈ పిల్ల ఇన్నాళ్లూ ఒక్కతే ఇక్కడికొచ్చి, ముళ్లు గీరుకుంటూ, ఊరు నవ్వుతున్నా వినబడనట్టు ఈ పని చేసుకుంటూ పోయిందా! తను మాత్రం ఆ నవ్వుల్లో గొంతు కలిపాడు.

జేబులో ఫోన్ మోగింది. శ్రీకాంత్.

"ఇశ్రాయేలూ, పని సురువైందా?"

"లేదు సార్. సర్పంచక్కను ఒక్కసారి గుట్టకు రమ్మనుండ్రి. ఆమె వచ్చి చూసినంకనే బండి తీస్త."

"ఏమైంది నీకు? ఎన్నడన్న పని ఆపినవా నువ్వు?"

"ఎన్నడు ఆపలే గద సార్. ఇయ్యాల ఆపిన్నంటే ఊకెనే ఆపుతనా?"

"సరే, చెప్త" అన్నాడు శ్రీకాంత్.

స్వరాజ్యం వచ్చేసరికి ఎండ చుర్రుమంటోంది. స్కూటీ కింద ఆపి, కొంగు నడుముకు చుట్టుకుని, చకచకా ఎక్కి వచ్చింది. పనెందుకు ఆగిందో చూద్దామని హోటల్ బెంచీల మీది జనం కూడా వెంట వచ్చారు. రాజమల్లయ్య అందరికన్నా ముందు.

"ఏంది ఇశ్రాయేలూ? నీ చేతి పనంటే నేను నిశ్చింతగున్న. నువ్వే ఆపితే ఎట్ల?" అంది స్వరాజ్యం.

"అక్కా, నేను చెప్తే ఆగమాగం చెప్త. మా ఎస్తేర్ చెప్తది. జర ఇనుండ్రి."

పది మంది ముందు ఆయన నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదటిసారి. ఎస్తేర్ తండ్రి వంక ఒకసారి చూసింది. గింజల కుప్ప దగ్గర కూర్చుని చూపించడం మొదలుపెట్టింది.

స్వరాజ్యం ఊరికే తలూపే మనిషి కాదు. సొంతంగా వరి పండించే రైతు. అంతా విని, "గవన్ని మంచిగనే ఉన్నయి. కని ముండ్లకంప పెట్టుకుని పార్కు ఎట్లయితది? పిల్లలు ఆడుకోవద్దా? పురుగుబూశి ఉంటది" అంది.

"అక్కా, తూర్పు పక్క వెనకట పెట్టిచ్చిన మొక్కలు ఏమైనయి?" అడిగింది ఎస్తేర్.

అందరూ అటు తిరిగారు. ఎండిన పుల్లలు, వాటి చుట్టూ పాతిన కర్రలు. "ఎండకాలం గుట్ట మీదికి నీళ్లు ఎక్కియ్యలేకపోయిన్రు" అంది స్వరాజ్యం.

"మరి ఈ పొదలకు ఎవరు పోసిన్రు నీళ్లు?"

ఎస్తేర్ ఒక కర్రతో పరికి కొమ్మల్ని పక్కకు జరిపి లోపల చూపించింది. ముళ్ల మధ్య, మేకల నోటికి అందకుండా, నడుమెత్తు తునికి మొక్కొకటి నిటారుగా పెరుగుతోంది. దాని పక్కనే జాన పండ్ల మొక్క. "ఎవ్వలు పెట్టలే వీటిని. పొద నీడల పెరుగుతున్నయి. కొన్నేండ్లు ఓపిక పడితే ఇయ్యే చెట్లయితయి. మనం పీకకుంటే చాలు."

స్వరాజ్యం ఆ కర్ర తీసుకుని చీమల మట్టిలో ఒకసారి, ఉత్త నేల మీద ఒకసారి పొడిచి చూసింది. తునికి ఆకును వేళ్ల మధ్య పట్టుకుని చూసింది. తర్వాత గుట్ట కిందికి, సాపుగా ఉన్న ఖాళీ జాగా వైపు చూసింది.

"సరే. పిల్లలు ఆడుకునేది కింద పెడదాం. కని జనం గుట్టెక్కి చూడాలెనంటే ఒక్క తొవ్వ కావాలె. ఒక్క మనిషి ఒంగకుండ, ముండ్లు గీరకుండ పైదాక పోవాలె. ఏ పొద పోకుండ, ఏ చీమల పుట్ట చెదరకుండ ఆ తొవ్వ తీస్తవా ఇశ్రాయేలూ?"

"గంత పెద్ద బండితోని గా సందులకెల్లి ఎట్లయితది అక్కా?" అన్నాడు రాజమల్లయ్య. "గడ్డపారలతోని కూలోళ్లను పెట్టాలె."

ఇశ్రాయేలు తలపాగా విప్పి మళ్లీ గట్టిగా చుట్టుకున్నాడు. "నా బిడ్డ ముంగట నడిచి చూపిస్తే, తీస్త" అన్నాడు.

ఎస్తేర్ ముగ్గు పిండి తెప్పించుకుంది. పొదల మధ్య వంకరటింకరగా, పుట్ట కనిపించిన ప్రతిచోటా దూరం జరుగుతూ, తెల్లటి గీత పోసుకుంటూ నడిచింది. వెనక జేసీబీ. ఇశ్రాయేలు ఎవరి సైగలూ పట్టించుకునే మనిషి కాదు. 'నా కండ్లకన్నా నీ చెయ్యెక్కువ చూస్తదా?' అని హెల్పర్లను కసిరేవాడు. ఆ రోజు మాత్రం కూతురు చెయ్యి ఎత్తితే ఆగాడు, ఊపితే కదిలాడు. ముళ్ల కొమ్మలు క్యాబిన్ అద్దాలకు గీసుకుంటున్నాయి గానీ ఒక్కటీ విరగలేదు. కిందినుంచి జనం మెడలెత్తి చూస్తున్నారు.

పైకి దగ్గరపడ్డాక అసలు కష్టం వచ్చింది. ఒక పక్క బండరాయి, రెండో పక్క అన్నిటికన్నా పెద్ద చీమల పుట్ట. నడుమ దారికి సరిపడా చోటుంది గానీ, అక్కడున్న గుండ్రాయిని తీయకపోతే దారి లేదు. ఆ రాయి దొర్లితే నేరుగా పుట్ట మీదికే. ఎస్తేర్ చెయ్యి ఎత్తి ఆపింది. దగ్గరికొచ్చి, "వద్దు బాపూ, వేరే పక్క చూద్దాం" అంది.

"వేరే పక్కకెల్లి పోతే పొద పోతది. నువ్వు పుట్ట కాడ నిలబడు. రాయి నీ దిక్కు వెంట్రుకంత కదిలినా చెయ్యెత్తు."

ఆయన వెనక బకెట్‌ను మెల్లగా చాపాడు. ఎంత మెల్లగా అంటే, ఇంజన్ మోత లేకపోతే అది కదులుతోందని తెలియదు. బకెట్ పళ్లు రాయి అడుగున దూరాయి. రాయి ఊగింది. జనంలో ఎవరో 'అయ్యయ్యో' అన్నారు. ఎస్తేర్ చెయ్యి లేవలేదు. ఇశ్రాయేలు లీవర్‌ను ఇంకొంచెం లాగాడు. రాయి బకెట్‌లోకి, తల్లి ఒళ్లోకి పిల్లలా ఒరిగింది. పైకెత్తి, తిప్పి, బండరాయి అవతల చప్పుడు లేకుండా దించాడు.

ఎస్తేర్ వెంటనే మోకాళ్ల మీద కూర్చుని పుట్టను చూసింది. చీమల బారు ఎక్కడా తెగలేదు. గింజల కుప్ప కుప్పగానే ఉంది. ఆమె లేచి, క్యాబిన్‌లో ఉన్న తండ్రి వైపు తిరిగి, రెండు చేతులూ తలపైకెత్తి చప్పట్లు కొట్టింది. ఇశ్రాయేలుకు ఎండ కళ్లలో పడ్డట్టయి తలపాగా చెంగుతో మొహం తుడుచుకున్నాడు.

కిందికొచ్చాక రాజమల్లయ్య ఎదురొచ్చాడు. "నేనేదో ఊకె అన్న గని ఇశ్రాయేలూ, గా చీమల ముచ్చట మాకు కూడ చెప్పరాదు. సగమే సమజైంది" అన్నాడు.

"ఛాయ్ చెప్పు, చెప్త" అన్నాడు ఇశ్రాయేలు. ఆ రోజు హోటల్లో ఆయన గ్లాసు ఖాళీ అయింది. రెండోసారి కూడా.

వానలు పడ్డాక గుట్ట రూపే మారింది. దారికి రెండు పక్కలా పరికి, బలుసు, జాన మొలకలు తలెత్తాయి. కింద పిల్లలకు ఊయలలు వచ్చాయి. ఎస్తేర్ రెండో వానాకాలం పని కూడా పూర్తి చేసింది. ఆమె రాసిన దాన్ని హైదరాబాద్‌లో శాస్త్రవేత్తల సభలో చదవడానికి పిలుపు వచ్చింది. స్వరాజ్యం ఆ కబురు మైకులో చెప్పించింది. కొమురవ్వ చర్చికి కొత్త చీర కట్టుకుని పోయి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పింది.

ఒక ఆదివారం చుట్టుపక్కల ఊళ్ల సర్పంచ్‌లు గుట్ట చూడ్డానికి వచ్చారు. ఎస్తేర్ రావడం కాస్త ఆలస్యమైంది. ఆగలేక ఇశ్రాయేలే వాళ్లను ముందుండి నడిపించుకుపోయాడు. పరికి పొద దగ్గర ఆగి, గొంతు సవరించుకుని, "గిది మొత్తం చీమలు పెట్టిన అడివి సార్. ఒక్క మొక్క కూడ వేరే ఎవ్వలు పెట్టలే" అన్నాడు.

"బాపూ, గది తప్పు." వెనకనుంచి ఎస్తేర్ గొంతు. వచ్చి జనంలో నిలబడి ఉంది. "పిట్టలు, నక్కలు కూడ తెచ్చినయి. చీమలు వాటిని బతికిచ్చినయి. ఎన్నింటిని బతికిచ్చినయో లెక్క నేను చెప్త."

వచ్చినవాళ్లు ఇశ్రాయేలు చిన్నబుచ్చుకుంటాడేమో అని ఆయన మొహం చూశారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"చూసిన్రా సార్? తప్పు చెప్తే నన్ను కూడ ఇడిసిపెట్టది" అంటూ పక్కకు తప్పుకుని కూతురికి దారిచ్చాడు. "మా బిడ్డ. ఇగ ఆమె చెప్తది, ఇనుండ్రి."